సర్జరీ పోస్టింగులో విద్యార్థి నిలబడవలసింది థియేటర్‌లోనా, వార్డులోనా?

బనశంకరి విద్యార్థిని:
ఎంబీబీఎస్ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఇప్పుడు సర్జరీ పోస్టింగు, అంటే ఆ విభాగంలో ఉండి పని చూసి నేర్చుకునే వంతు. మా యూనిట్‌కు వారంలో రెండు రోజులు థియేటర్, ఒక రోజు ఓపీ, మిగతా రోజులు వార్డు. థియేటర్ రోజున ఉదయం ఎనిమిదికి లోపలికి వెళితే మధ్యాహ్నం దాకా నాకు కనిపించేవి పీజీ డాక్టర్ల వీపులే. ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) అయితే కనీసం తెర మీద బొమ్మ కనిపిస్తుంది. తోటివాళ్ళు చాలామంది హాజరు వేయించుకుని నీట్ పీజీ ప్రవేశ పరీక్ష ప్రశ్నలు చేసుకోవడానికి లైబ్రరీకి వెళ్ళిపోతారు. మా సార్ మాత్రం థియేటర్‌కు రానివాళ్ళు సర్జరీ చదివినట్టే కాదంటారు. నాకు పిల్లల వైద్యం మీద ఇష్టం, సర్జన్‌ను కావాలని లేదు. నాలాంటివాళ్ళు ఈ పోస్టింగులో నిజంగా నేర్చుకోవలసింది ఏమిటి?

జయనగర్ పాత సర్జన్:
మీ సార్ మాటలో తప్పేమీ లేదమ్మా. మొదటి సంవత్సరంలో మీరు కోసి చూసిన మృతదేహంలో అన్నీ ఒకే బూడిద రంగు. బతికున్న మనిషిలో పేగు కదులుతుంది, ధమని కొట్టుకుంటుంది, పైత్యనాళం సన్నగా పచ్చగా మెరుస్తుంది. హెర్నియా దారి ఎటునుంచి ఎటు వెళుతుందో పుస్తకంలో పదిసార్లు చదివినా పట్టుబడనిది, కోత పెట్టి తెరిచినప్పుడు ఒక్కసారి చూస్తే పోదు.

వీపులు కనిపిస్తున్నాయంటే మీరు ఉత్త చేతులతో వెళ్ళారన్నమాట. ముందురోజు సాయంత్రం ఆ రోగిని పరీక్షించి, స్కాన్ చూసి వెళ్ళండి. పిత్తాశయం తీస్తున్నప్పుడు సర్జన్ క్లిప్పు వేసే ముందు ఎంతసేపు ఆగారో గమనించండి. పిత్తాశయంలోకి వెళ్ళేవి రెండే రెండు (ఒక నాళం, ఒక ధమని) అని స్పష్టంగా తేలేదాకా ఏదీ కోయకూడదు. ఆ ఆగడమే సర్జరీ. అది లైబ్రరీలో దొరకదు.

కోలారు మెడికల్ ఆఫీసర్:
సర్జన్ గారి మీద గౌరవం ఉంచుకునే విభేదిస్తున్నాను. బెంగళూరులో చదివి, ఇప్పుడు తెలుగు, కన్నడం కలిసి వినిపించే పల్లెల మధ్య పనిచేస్తున్నాను. నా ఆసుపత్రిలో థియేటర్ లేదు, మత్తు డాక్టరు లేరు. రోగులు మాత్రం వస్తారు.

ఏ రోగులు? కడుపునొప్పి అని పదమూడేళ్ళ అబ్బాయిని తండ్రి తీసుకొస్తాడు. అబ్బాయి సిగ్గుతో పొత్తికడుపు చూపించి ఊరుకుంటాడు. డాక్టరు ప్యాంటు విప్పించి చూడకపోతే, మెలితిరిగిన వృషణం గ్యాస్ నొప్పిగా నమోదై ఇంటికి వెళ్ళిపోతుంది. ఆరు గంటలు దాటిన కొద్దీ అది దక్కే ఆశ తగ్గిపోతూ ఉంటుంది. విద్యార్థిని గారూ, మీరు పిల్లల డాక్టరైతే ఈ అబ్బాయి మీ దగ్గరికే వస్తాడు. అక్కడ మీకు కావలసింది కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకున్న అనుభవం కాదు, గజ్జలు చూడకుండా కడుపు పరీక్ష పూర్తికాదన్న అలవాటు.

మంటల్లో కాలినవాళ్ళ సంగతి చూడండి. కిలో బరువుకు, కాలిన ప్రతి శాతానికి నాలుగు మిల్లీలీటర్ల ద్రవం, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లో. ఈ లెక్క అందరికీ నోటికి వస్తుంది. ఆ ఎనిమిది గంటలు కాలిన క్షణం నుంచి మొదలవుతాయని, ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాదని, ఎంతమంది హౌస్ సర్జన్లకు తట్టుతుంది? మూడు గంటలు ఆలస్యంగా వచ్చినవాడికి ఆ సగం ఐదు గంటల్లోనే వెళ్ళాలి.

నేను చదివే రోజుల్లో, సర్జన్ చూసేదాకా కడుపునొప్పికి మందు ఇవ్వకూడదని, ఇస్తే జబ్బు దాగిపోతుందని నేర్పారు. ఆ మాట నిలబడదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. ఇప్పటికీ వార్డుల్లో మనుషులు మెలికలు తిరుగుతూనే ఉన్నారు. దీన్ని ప్రశ్నించడం కూడా ఈ పోస్టింగులోనే నేర్చుకోవాలి. ఎవరిని ఇక్కడే ఉంచాలి, ఎవరిని ఈ క్షణమే అంబులెన్సు ఎక్కించాలి, ఎక్కించే ముందు ఏం చేయాలి. సర్జన్ కానివాడికి సర్జరీ అంటే ఇదే.

మత్తు డాక్టరు, మారతహళ్ళి:
ఇద్దరూ కత్తి చుట్టూనే తిరుగుతున్నారు, తల వైపు నిలబడేవాళ్ళం కూడా ఉన్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల భద్రతా జాబితా తెచ్చింది. మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి థియేటర్ దాటే ముందు చదవాలి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించారు, ఢిల్లీ వాటిలో ఒకటి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. తర్వాత కెనడాలోని ఒంటారియోలో ఊరూరా అమలు చేసి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2014లో మరో అధ్యయనం వచ్చింది. కాగితం మీద టిక్కులు పెట్టడానికీ, చేస్తున్న పని ఆపి పైకి చదివి వినడానికీ ఉన్న తేడా అదేనని నా అనుమానం. విద్యార్థి ఒక మూల నిలబడి అది నిజంగా జరుగుతోందా అని చూసినా చాలు.

వార్డులో ఇంకొకటి. ఘనాహారానికి ఆరు గంటలు, నీళ్ళకు రెండు గంటలు ఆపితే సాధారణంగా సరిపోతుంది. మధ్యాహ్నం రెండింటి కేసుకు రాత్రి పన్నెండు నుంచి నీళ్ళు కూడా ఆపేస్తారు. రోగి నోరు ఎండి పడుకుని ఉంటే, ఆపరేషన్ల జాబితాలో ఆయన ఎన్నోవారో కనుక్కుని నీళ్ళ సంగతి మమ్మల్ని అడిగే విద్యార్థి నాకు ఇంతవరకూ కనబడలేదు.

హిందూపురం అబ్బాయి:
నేను డాక్టరును కాను, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాన్నగారి పిత్తాశయం ఆపరేషన్ ఇక్కడే ఒక ఆసుపత్రిలో జరిగింది. అంగీకార పత్రం ఇంగ్లీషులో, కన్నడంలో ఉంది. నాన్నగారికి తెలుగు తప్ప రాదు. అర నిమిషంలో సంతకం తీసుకున్నారు. ఆ తర్వాత ఒక విద్యార్థి మంచం పక్కన కూర్చుని, బొమ్మ గీసి, గొట్టాలతో కుదరకపోతే పొట్ట తెరవవలసి రావచ్చని తెలుగులో చెప్పాడు. నాన్నగారు అడిగిన ప్రశ్న ఒక్కటే, మళ్ళీ పొలం పని ఎప్పుడు చేయవచ్చని. ఆ మాట అప్పటిదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు. మీ చర్చలో రోగితో మాట్లాడటం అన్నది ఎక్కడ ఉంది?

జయనగర్ పాత సర్జన్:
బాబూ, ఆ అబ్బాయి చేసింది మంచి పనే. కానీ ఆ క్రమం తలకిందులు. ముందు వివరణ, తర్వాత సంతకం. వివరించవలసింది కూడా ఆపరేషన్ చేసే డాక్టరే. పరీక్ష కోసం పొట్టలోకి గొట్టం వేయడానికి మాత్రమే ఒప్పుకున్న ఆమెకు, మత్తులో ఉండగా తల్లి సంతకంతో గర్భాశయం తీసేసిన కేసులో 2008లోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ప్రాణాపాయం లేనప్పుడు ఆ సంతకం చెల్లదని చెప్పింది. విద్యార్థులతో సంతకాలు తీయించడం పెద్దవాళ్ళ బద్ధకం. విద్యార్థి పక్కన ఉండి విని నేర్చుకోవాలి.

మెడికల్ ఆఫీసర్ గారికి ఒక మాట. చిరిగిన పేగును, పొట్ట నిండిన చీమును కళ్ళారా చూసినవాడి చేతికి, గట్టిపడిన పొట్ట మరోలా తగులుతుంది.

పీజీ ప్రవేశార్థి:
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. నీట్ పీజీలో 200 ప్రశ్నలు, అన్నీ ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకునేవే. పొట్ట మీద చేయి పెట్టడానికి ఒక్క మార్కూ లేదు. పైగా ఒక హెర్నియా రోగి చుట్టూ ఇరవై మందిమి నిలబడి, ఉబ్బు కనిపించడానికి ఒకరి తర్వాత ఒకరం దగ్గమంటుంటే ఆయన పరిస్థితి ఏమిటి? లైబ్రరీకి వెళ్ళేవాళ్ళను తిట్టే ముందు ఇది చూడండి.

కోలారు మెడికల్ ఆఫీసర్:
పరీక్ష గురించి మీరన్నది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. రోగి విషయంలో మాత్రం ఉంది. ఇద్దరు చాలు, తెర వేసి, అడిగి, పరీక్షించండి. మిగతా పద్దెనిమిది మంది వేరే మంచాల దగ్గరికి వెళ్ళండి.

సర్జన్ గారూ, నెలకు రెండు మూడు పెద్ద ఆపరేషన్లు శ్రద్ధగా చూడమనండి, ఒప్పుకుంటాను. మన గొడవ తప్పు గదుల గురించి జరుగుతోంది. 2019 నుంచి అమలైన పాఠ్యప్రణాళికే ఎంబీబీఎస్ పూర్తయ్యేసరికి సొంతంగా చేయగలగాలని చెప్పినవి చూడండి: మామూలు కుట్లు, గాయానికి డ్రెస్సింగ్, కట్టు కట్టడం, పైపైన ఉన్న చీముగడ్డ కోయడం, ప్రమాదంలో దెబ్బతిన్నవారికి తొలి చికిత్స. ఇవేవీ పెద్ద థియేటర్‌లో జరగవు. డ్రెస్సింగ్ గదిలో, మైనర్ థియేటర్‌లో, రాత్రిపూట క్యాజువాలిటీలో జరుగుతాయి. షుగర్ కాలు కుళ్ళి వచ్చినవారికి రోజూ కట్టు మార్చే సిస్టర్ గారి పక్కన పది రోజులు నిలబడండి. ఏ కణజాలం బతికుందో, ఏది చచ్చిందో, వాసన ఎప్పుడు మారిందో ఆమెకు తెలిసినంతగా చాలామంది పీజీలకు తెలియదు.

జయనగర్ పాత సర్జన్:
సిస్టర్ల సంగతి ఒప్పుకుంటున్నాను. మా కాలంలో కట్లు విద్యార్థులే మార్చేవారు. నెలకు రెండు మూడు ఆపరేషన్లు అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. వారానికి ఒకటైనా ఉండాలి.

బనశంకరి విద్యార్థిని:
అందరికీ ధన్యవాదాలు. శుక్రవారం జాబితాలో రెండు హెర్నియాలు ఉన్నాయి, గురువారం సాయంత్రం వెళ్ళి పరీక్షిస్తాను. మిగతా రోజులు డ్రెస్సింగ్ గదికి వెళదామని సిస్టర్ గారిని అడిగాను, పొద్దున్న ఏడింటికి రమ్మన్నారు. ఒకటే చిక్కు. మాకు క్లినికల్ పోస్టింగులో 80 శాతం హాజరు ఉండాలి, ఆ పుస్తకం థియేటర్ గుమ్మం దగ్గర ఉంటుంది. ఏడింటికి డ్రెస్సింగ్ గదిలో ఉంటే నా హాజరు ఎవరు వేస్తారు?