వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ చైనా: ఏ ఆడియోలో చూడాలి?

సెకండ్‌షో:
1991లో వచ్చిన జెట్ లీ సినిమా ఇది, చిన్నప్పుడు కేబుల్ టీవీలో ఇంగ్లిష్ డబ్బింగ్‌లో చూశా. గోడౌన్‌లో వెదురు నిచ్చెనల మీద కొట్టుకునే ఫైటు తప్ప ఇంకేం గుర్తులేదు. మొన్న మా తమ్ముడికి చూపిద్దామని పెడితే కాంటనీస్, మాండరిన్ అని రెండు చైనా భాషల ఆడియోలు కనిపించాయి. ఒరిజినలే చూద్దామని కాంటనీస్ పెట్టా. తీరా చూస్తే జెట్ లీ పెదాలు ఒకటి చెప్తున్నాయి, మాట ఇంకోటి వినిపిస్తోంది. "అన్నయ్యా, ఇదీ డబ్బింగేగా" అని మావాడు ఒకటే నవ్వు. ఇంతకీ ఏది చూడాలి?

హాంకాంగ్‌పిచ్చి:
మీ తమ్ముడు కరెక్టే. జెట్ లీది బీజింగ్, ఆయన మాట్లాడేది మాండరిన్, కాంటనీస్ గొంతు వేరేవాళ్లది. మన హీరోయిన్లకి ఇంకొకరు చెప్పట్లేదా, అలాగే అనుకోండి. అయినా కాంటనీసే చూడండి. కథ జరిగేది దక్షిణ చైనా గ్వాంగ్‌డాంగ్‌లోని ఫోషాన్‌లో, చింగ్ రాజుల చివరి రోజుల్లో. జెట్ లీ వేసిన వాంగ్ ఫే హుంగ్ నిజంగా ఆ ప్రాంతంలో బతికిన వైద్యుడు, కుంగ్‌ఫూ గురువు, అక్కడి జనం భాషే కాంటనీస్. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో అన్నిటికంటే అన్యాయమైపోయింది జాకీ చ్యుంగ్ కామెడీ. ఆ ఎత్తుపళ్ల కుర్రాడు అమెరికాలో చదివొచ్చాడు, సొంత భాషలో నత్తి, ఇంగ్లిష్ మాత్రం గడగడా. అందరూ ఇంగ్లిషే మాట్లాడుతుంటే ఇక జోకెక్కడిది?

మిర్చిబజ్జీ:
వరసల సంగతి ఎవరూ చెప్పలేదేంటి! హీరోయిన్ రోసమండ్ క్వాన్‌ని హీరో పిలిచేది "సప్ సామ్ యీ" అని, అంటే పదమూడో పిన్ని. రక్తసంబంధం ఏమీ లేదు, పెద్దవాళ్లు కలుపుకున్న వరస అంతే. ఆవిడ విదేశాల్లో ఉండొచ్చింది, గౌను వేసుకుని కెమెరాతో తిరుగుతుంది, ఈయనంటే ఇష్టం. ఈయనేమో ఆ పిన్ని అన్న మాట పట్టుకుని నాలుగడుగులు దూరంగానే నిలబడతాడు. సబ్‌టైటిల్‌లో ఆంట్ అని పడితే నేను ఎదురింటి ఆంటీ టైపు అనుకున్నా, వరస తెలిశాక ఆయన ఇబ్బంది నాకు బాగా అర్థమైంది.

పాతరీలు:
ఆడియో ఏదైనా సరే, నిచ్చెనల కోసం ఫార్వర్డ్ మాత్రం చేయకండి. మొదట్లోనే ఓడ మీద సింహం డ్యాన్స్ ఉంటుంది. టపాకాయలు పేలుతుంటే పక్కనున్న ఫ్రెంచి ఓడవాళ్లు తుపాకులనుకుని కాల్చేస్తారు, వేషం కట్టినవాళ్లు పడిపోతారు, హీరో ఆ సింహం తల అందుకుని తాళ్లెక్కి ఆట పూర్తిచేస్తాడు. డైరెక్టర్ త్సుయ్ హార్క్ సినిమా మొత్తం అక్కడే చెప్పేశాడని నాకనిపిస్తుంది. నిచ్చెనల మీద హీరోతో తలపడే యిమ్ కూడా అంతే, మొదట్నుంచీ విలనేం కాదు. ఒంట్లో ఈటె దిగనంత విద్య ఉండి పొట్టకూటి కోసం వీధిలో చిల్లరకి ఆడతాడు, చివరికి తుపాకి గుళ్లకే పోతాడు. అన్నట్టు షూటింగ్‌లో జెట్ లీ కాలికి దెబ్బ తగిలింది, అందుకే కొన్ని షాట్లలో డూప్ ఉంటాడు. ఆ సంగతి తెలిశాక మా ఇంట్లో డూప్‌ని పట్టుకోవడమే ఒక ఆట.

సెకండ్‌షో:
రాత్రి కాంటనీస్‌లోనే చూసేశాం, థ్యాంక్స్. పెదాల సంగతి పది నిమిషాల్లో మర్చిపోయాం. మావాడికి ఇప్పుడు ఒకటే డౌటు, మిగతా పన్నెండుమంది పిన్నులు ఎక్కడున్నారని.