కీటోప్రొఫెన్: బఫర్‌లో 525 దగ్గర కనిపించేది ట్రిప్లెట్టేనా?

భార్గవి_కెమ్:
నమస్తే. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కీటోప్రొఫెన్ అనే నొప్పి మందు మీద. 266 నానోమీటర్ల నానోసెకండ్ పల్స్‌తో ఫ్లాష్ ఫోటోలిసిస్ (కాంతి పల్స్ కొట్టి, పుట్టే క్షణికమైన రూపాల శోషణ చూడటం) చేస్తున్నాం. అసిటోనైట్రైల్ ద్రావణిలో 525 నానోమీటర్ల దగ్గర చక్కటి పీక్ వచ్చింది, ట్రిప్లెట్ (కాంతి పీల్చుకున్న అణువు కాసేపు నిలిచే ఉత్తేజిత స్థితి) అని రాసుకున్నాం. పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్‌లో మాత్రం 590 ప్రాంతంలో వేరే పీక్. సాయంత్రమయ్యేసరికి 525 కూడా మెల్లగా లేస్తోంది. అంటే బఫర్‌లోనూ ట్రిప్లెట్ నిలుస్తోందా?

పల్స్_వనజ:
ఉదయం నింపిన క్యువెట్‌నే (శాంపిల్ పోసే చిన్న పాత్ర) సాయంత్రం దాకా ఉంచుతున్నారా? అయితే ముందు దాన్ని అనుమానించండి. కీటోప్రొఫెన్ పీకేఏ (ఆమ్లం సగం ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 4.5 దగ్గర, కాబట్టి మీ బఫర్‌లో అది దాదాపు అంతా ప్రోటాన్ వదిలేసిన రూపం, కార్బాక్సిలేట్‌గానే ఉంటుంది. కాంతి తగిలిందంటే కార్బన్ డయాక్సైడ్ ఇట్టే ఊడిపోతుంది. మిగిలిన ముక్క కొన్ని వందల నానోసెకండ్లు బతుకుతుంది. మీ 590 అదే. చివరికి 3-ఇథైల్ బెంజోఫినోన్ తయారవుతుంది. దానికి వదులుకోవడానికి కార్బాక్సిలేట్ లేదు కదా, తర్వాతి పల్స్ పడితే మామూలు బెంజోఫినోన్ లాగే ట్రిప్లెట్‌లోకి పోతుంది. 525 దగ్గర లేస్తున్నది మందుది కాదు, మందు విరిగి పుట్టినదానిది అనుకుంటున్నాను.

యూవీ-విజిబుల్ తీసి "శాంపిల్ బాగానే ఉంది" అనుకోకండి. మందులోనూ, ఆ 3-ఇథైల్ బెంజోఫినోన్‌లోనూ అదే బెంజోఫినోన్ భాగం ఉంది, రెండూ 260 దగ్గరే పీల్చుకుంటాయి, స్పెక్ట్రమ్ పెద్దగా కదలదు. ద్రావణంలోని పదార్థాల్ని విడదీసే హెచ్‌పీఎల్‌సీలో పెట్టండి, కొత్త పీక్ విడిగా తేలుతుంది. ఫ్లో సెల్ పెట్టి ప్రతి పల్స్‌కీ తాజా ద్రావణం వచ్చేలా చూడండి.

భార్గవి_కెమ్:
క్యువెట్ మార్చలేదు మేడమ్, ఒక్కటే. 590ని కార్బానియన్ (కార్బన్ మీద రుణావేశమున్న ముక్క) అని రాసేయొచ్చా?

పల్స్_వనజ:
చాలా పేపర్లు అలాగే రాశాయి, బైరాడికల్ (జత లేని రెండు ఎలక్ట్రాన్లున్న ముక్క) అన్నవాళ్లూ ఉన్నారు. ఇంత వెడల్పాటి శోషణ పట్టీని చూసి పేరు పెట్టడం నాకు నచ్చదు. అణువులో ఏ బంధం ఎలా కంపిస్తోందో టైమ్-రిజాల్వ్‌డ్ రెజొనెన్స్ రామన్ చూపిస్తుంది, గుర్తు పట్టడానికి అదే మేలు. కార్బన్ డయాక్సైడ్ ఊడే ఘట్టమే చూడాలంటే మీ నానోసెకండ్ పల్స్ చాలదు, ఫెమ్టోసెకండ్ కావాలి. అక్కడ ఒక పల్స్‌ని ఆలస్యం చేసే డిలే స్టేజ్ మీద అద్దాన్ని 0.15 మిల్లీమీటర్లు జరిపితే కాంతికి రానూపోనూ 0.3 మిల్లీమీటర్ల దారి పెరిగి ఒక పికోసెకండ్ ఆలస్యమవుతుంది. ఆ పద్ధతి నాకెప్పటికీ ముచ్చటే.

రమణ_ఫార్మా:
మా అమ్మ మోకాళ్లకి ఈ జెల్లే రాస్తుందండీ. 260 నానోమీటర్ల కాంతి నేల దాకా రాదు కదా, భయం లేనట్టేనా?

పల్స్_వనజ:
అలా అనుకోకండి రమణ గారూ. మందులోని బెంజోఫినోన్ భాగానికి 330 నానోమీటర్లు దాటి కూడా బలహీనమైన శోషణ ఉంది, ఆ ఎండ మనదాకా వస్తుంది. 2010లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ఈ జెల్‌ని ప్రిస్క్రిప్షన్ మీదే ఇవ్వాలని చెప్పింది కూడా ఈ కాంతి అలర్జీల వల్లే. రాసిన చోట బట్ట కప్పమనండి, మానేశాక కూడా 2 వారాలు ఎండ తగలనీయొద్దు. ఆక్టోక్రిలీన్ ఉన్న సన్‌స్క్రీన్ దాని మీద వద్దు. దద్దురు వస్తే జెల్ ఆపేసి వెంటనే చర్మ డాక్టరుకి చూపించండి.