క్వాంటం డాట్ల శక్తి రంగు పదార్థానికి చేరుతోంది, లేజర్ మాత్రం రావడం లేదు

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒక కళాశాల ప్రయోగశాలలో పరిశోధన చేస్తున్నాను. సన్నని గాజు కేశనాళికలో ద్రవం నింపి, దాని గుండ్రని గోడనే రెజొనేటర్‌గా (కాంతిని లోపలే తిప్పుతూ బలపరిచే అమరికగా) వాడుకుని లేజర్ పుట్టించాలన్నది మా ప్రయత్నం. ద్రవంలో 605 నానోమీటర్ల దగ్గర నారింజగా వెలిగే క్వాంటం డాట్లు (అతి సూక్ష్మమైన అర్ధవాహక రేణువులు), వాటి ఉపరితలానికి అతికించిన సై5 (Cy5) అనే ఎర్రగా వెలిగే రంగు పదార్థం ఉన్నాయి. మేం పంపే 532 నానోమీటర్ల కాంతి పల్స్‌ను సై5 పెద్దగా పీల్చుకోదు, డాట్లు బాగా పీల్చుకుంటాయి. అవి ఆ శక్తిని కాంతిగా వెదజల్లకుండానే పక్కనున్న రంగు అణువుకు అందించాలి.

పల్స్ తగలగానే నారింజ వెలుగు తగ్గి, 670 దగ్గర ఎరుపు పెరుగుతోంది. కానీ వర్ణపటంలో ఆ ఎరుపు వెడల్పాటి దిబ్బలాగే ఉంది, లేజర్‌కు గుర్తయిన సన్నని గీతలు పొడుచుకురావడం లేదు.

డాట్లు వెదజల్లిన కాంతినే సై5 మళ్లీ పీల్చుకుంటోందేమోనని నా అనుమానం. కాంతి వెదజల్లకుండా జరిగే అసలైన బదిలీ రేటు డాట్‌కూ రంగు అణువుకూ మధ్య దూరం ఆరో ఘాతానికి విలోమం, పది నానోమీటర్లు దాటితే దాదాపు ఉండదు. బదిలీ నిజమైతే డాట్ల వెలుగు నిలిచే కాలం తగ్గాలి, ఊరికే పీల్చుకోవడమైతే తగ్గదు. నానోసెకన్లలో సాగే ఆ కొలతకు మా దగ్గర పరికరం లేదు. భారతీయ విజ్ఞాన సంస్థలో గానీ, చెన్నై ఐఐటీలో గానీ బయటి విద్యార్థుల నమూనాలు తీసుకుంటారా? ఎవరిని అడగాలి?

ఇంకొకటి, నాకు ఇదే ముఖ్యం. ఒక్కో డాట్‌కు ఎన్ని సై5 అణువులు అతికించాలి? మరీ ఎక్కువై దగ్గరదగ్గరగా ఉంటే అవి ఒకదాన్నొకటి ఆర్పేస్తాయి, తక్కువైతే లేజర్‌కు చాలినంత శక్తి అందదు. స్వయంగా చేసి చూసినవారు దయచేసి మీ పాళ్లు చెప్పండి.