లిస్టులో ఉన్న పాత భవనం కూల్చాలంటే కమిటీ అనుమతి ఉండాలా, యజమాని ఇష్టానికి వదిలేయాలా?

మూసీతీరం

హైదరాబాద్‌లో పాత భవనం పోయాక బాధపడటమే కానీ, పోకముందు "ఎందుకు కూలుస్తున్నారు" అని అడిగే చోటు మనకు సరిగ్గా లేదు. అందుకే ఈ చర్చ పెడుతున్నా. నా మాట ముందే చెప్పేస్తాను. వారసత్వ జాబితాలో ఉన్న భవనాన్ని కూల్చాలన్నా, రూపం మార్చాలన్నా, ఆ స్థలంతో ఏ లావాదేవీ లేని కమిటీ వచ్చి చూడాలి, కారణాలు రాయాలి, ఆ కాగితం జనానికి కనపడాలి, ఆ తర్వాతే గునపం పడాలి. యజమాని ప్రభుత్వమైతే ఇంకా గట్టిగా.

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తా. 1995లో హుడా (అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 13వ రెగ్యులేషన్ వచ్చింది. 130కి పైగా కట్టడాలతో జాబితా వేశారు, వాటి జోలికి వెళ్లాలంటే వారసత్వ పరిరక్షణ కమిటీ సలహా తీసుకుని హుడా అనుమతి ఇవ్వాలి. దేశంలో ముంబై తర్వాత ఇలాంటి ఏర్పాటు తొందరగా చేసుకున్న ఊళ్లలో మనది ఒకటి. 2015 డిసెంబరులో ఆ రెగ్యులేషన్‌ను తీసేశారు. 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది కానీ, పాత కమిటీలాగా ఫలానా రోజు కూర్చుని ఫలానా ఫైలు చూసే అలవాటు మళ్లీ నిలబడలేదు.

దాని ఫలితం ఇర్రం మంజిల్ విషయంలో చూశాం. 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ప్యాలెస్ అది, తర్వాత ప్రభుత్వ ఆఫీసులు నడిచాయి. 2019 జూన్‌లో అక్కడ కొత్త అసెంబ్లీ కడతామని కేబినెట్ నిర్ణయించింది. కొందరు హైకోర్టుకు వెళ్తే సెప్టెంబరు 16న కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. సరే, నిలిచింది. కానీ ప్రతి భవనానికీ కోర్టుకెళ్లే ఓపిక, లాయరు ఫీజు ఎవరికుంటాయి? సచివాలయం ఆవరణలో 1888 నాటి జీ బ్లాక్ గతి ఏమైందో చూడండి, 2020 జులైలో మిగతా బ్లాకులతో పాటే నేలమట్టం.

దేవిడీవారసుడు

అన్నా, మీరు ప్యాలెస్‌ల గురించి మాట్లాడుతున్నారు. నేను మా ఇంటి గురించి మాట్లాడతా. మా ముత్తాత కట్టిన ఇల్లు, నడిమధ్యలో ఖాళీ, చుట్టూ గదులు, టేకు స్తంభాలు. ఇప్పుడు వాటాదారులు నలుగురు కాదు, వాళ్ల పిల్లలు కూడా కలిసి ఓ పెద్ద గుంపు. సగంమంది అమెరికాలో. పాత కిరాయిదారులు ఇచ్చే అద్దె ఆస్తిపన్నుకు కూడా సరిపోదు. ఇల్లు లిస్టులో ఉందన్న సంగతి మాకు ఎప్పుడు తెలిసిందంటే, అమ్మబోతే కొనేవాళ్ల లాయరు చెప్పినప్పుడు. లిస్టులో పెట్టేముందు ఒక్క నోటీసు రాలేదు, ఒక్కరు గుమ్మం తొక్కలేదు.

వానాకాలం వస్తే దూలం కింద బకెట్లు పెట్టుకుని పడుకుంటాం. పైకప్పు బాగుచేయడానికి అప్పు అడిగితే, పంచాయితీ ఉన్న ఆస్తి అని బ్యాంకు పక్కన పెట్టింది. మా ఇల్లు ఊరి ఆస్తి అంటున్నారు కదా, ఊరు ఇప్పటిదాకా ఒక్క పెంకు కూడా కొనివ్వలేదు. ఊరికి గర్వం, మాకు ఖర్చు. ఈ లెక్క సరిచేయకుండా కమిటీ అంటే నేను ఒప్పుకోను.

సున్నంపని

నేను పాత కట్టడాల మరమ్మతు చేస్తాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. ఒక్క విషయం చెప్పాలి. కమిటీ ముందుకు వచ్చే ప్రతి ఫైల్లో "శిథిలావస్థ" అని ఉంటుంది. ఆ మాట రాసే ఇంజినీరుకు చాలాసార్లు సున్నం గోడ గురించి తెలియదు. కాలేజీలో చదివింది ఆర్‌సీసీ, అంటే ఇనుప చువ్వల కాంక్రీటు, కొలిచేదీ దాంతోనే.

గానుగ సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. ముప్పై నలభై ఏళ్ల కింద ఎవరో "గట్టిగా ఉంటుంది" అని దానిమీద సిమెంటు పూస్తారు. ఇక తేమ బయటికి పోయే దారి ఉండదు. లోపల సున్నం పిండిలా రాలిపోతుంది, గోడ ఉబ్బుతుంది, సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడుతుంది. చూసేవాళ్లకు బిల్డింగ్ చచ్చిపోయినట్టే ఉంటుంది. సిమెంటు గీకేసి, సున్నం కలిపి గార మళ్లీ పట్టిస్తే అదే గోడ ఇంకో వందేళ్లు ఉంటుంది. నేను చూసిన పాడైన ఇళ్లలో ఎక్కువ వాటికి మూలం రెండే: పగిలిన వాన గొట్టం, పిట్టగోడలో మొలిచిన రావిమొక్క. మొజంజాహీ మార్కెట్ 2020లో బాగుపడి తెరుచుకుంది, కోఠీలో రెసిడెన్సీ భవనం 2023లో తెరుచుకుంది, రెండూ ఒకప్పుడు "ఇక కష్టం" అనిపించుకున్నవే.

కాబట్టి కమిటీ ఉండాలి, కానీ అందులో సున్నం చేత్తో పట్టిన మనిషి ఒక్కరైనా ఉండాలి.

వార్డుడ్యూటీ

ఉస్మానియా ఆసుపత్రి సంగతి తేకుండా ఈ చర్చ పూర్తికాదు. నేను డాక్టర్ని. 1908 మూసీ వరద తర్వాత ఏడో నిజాం కట్టించిన భవనం, విన్సెంట్ ఎష్ డిజైన్, ఎదురుగా హైకోర్టు, అదీ ఆయనదే, అందం గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వరదలో 150 మంది దాకా కాపాడిన చింతచెట్టు కూడా ఆ ఆవరణలోనే ఉంది. కానీ 2020 జులైలో వార్డుల్లోకి మురుగునీళ్లు వచ్చి పేషెంట్లు మంచాల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న దృశ్యం రాష్ట్రమంతా టీవీలో చూసింది. పాత బ్లాకు ఖాళీ చేయించాల్సి వచ్చింది. కూలుస్తామని 2015లో అన్నారు, వద్దని ఆందోళన, కోర్టు, కమిటీలు, రిపోర్టులు. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. పదేళ్లు! ఆ పదేళ్లలో అక్కడికి వచ్చింది ఎవరు? నల్గొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి బస్సెక్కి వచ్చే బీదవాళ్లు. వారసత్వం మీద ప్రేమ ఉన్నవాళ్లలో ఎంతమంది అక్కడ అడ్మిట్ అవుతారు చెప్పండి.

మూసీతీరం

డాక్టర్ గారూ, మీ కోపం న్యాయమైనది, నేను దాన్ని పక్కకు నెట్టను. కానీ ఆ పదేళ్లు పోయింది భవనాన్ని కాపాడాలన్నందుకు కాదు. రెండు ప్రశ్నలు ఒకే ముడి వేశారు. పేషెంట్లను ఎక్కడ పెట్టాలి అన్నది ఒకటి, భవనాన్ని ఏం చేయాలి అన్నది ఇంకొకటి. "ఇది కూలిస్తేనే అది కడతాం" అన్నంతకాలం రెండూ ఆగాయి. ఆసుపత్రికి వేరే స్థలం చూపించిన రోజున ముడి విడిపోయింది. 2015లోనే ఇంటాక్ (వారసత్వ కట్టడాల పరిరక్షణ సంస్థ) బృందం భవనం చూసి, మరమ్మతు చేస్తే నిలుస్తుందని చెప్పింది. అప్పుడు నిబంధన ప్రకారం బలమైన కమిటీ కూర్చుని ఉంటే మొదటి నెలలోనే అడిగేది: కొత్త బ్లాకుకు ఈ స్థలమే ఎందుకు, పక్కన లేదా? నాకు కమిటీ కావాల్సింది ఇందుకే. భవనాన్ని పూజించడానికి కాదు, కూల్చడం ఒక్కటే దారి అని తేల్చేముందు మిగతా దారులు లెక్కపెట్టించడానికి.

దేవిడీ తమ్ముడూ, మీ మాట ఇంకా బరువైనది. 2012 భవన నిబంధనల్లో వారసత్వ భవనాన్ని వాడకంలో ఉంచి కాపాడే యజమానికి టీడీఆర్ ఇచ్చే వీలుంది. అంటే మీ స్థలంలో కట్టుకోలేని అంతస్తుల హక్కును ఇంకో బిల్డరుకు అమ్ముకోవచ్చు. దాన్ని లిస్టుతో పాటే చేతికివ్వాలి.

దేవిడీవారసుడు

టీడీఆర్ గురించి నాకూ చెప్పారు. సర్టిఫికెట్ రావాలంటే టైటిల్ క్లియర్‌గా ఉండాలి, వాటాదారులందరి సంతకాలు కావాలి. అందరి సంతకాలూ ఒకచోట దొరికితే మేం ఇల్లే బాగుచేసుకునేవాళ్లం కదా! పైగా ఆ హక్కు కొనే బిల్డరు మన అవసరం చూసి ధర కడతాడు. నాకు కావాల్సింది సింపుల్: లిస్టులో ఉన్నంతకాలం ఆస్తిపన్ను తీసేయండి, మరమ్మతుకు సగం ఖర్చు పెట్టండి, మిగతా సగానికి తక్కువ వడ్డీ అప్పు ఇప్పించండి.

ఈశాన్యం

ఇంకో కమిటీ అంటే ఇంకో ఎన్‌ఓసీ, ఇంకో టేబుల్, ఇంకో చేతి తడుపు. ఇప్పటికే ఇల్లు కట్టాలంటే తిరిగి తిరిగి చెప్పులు అరుగుతున్నాయి. కమిటీలో కూర్చునేది ఎవరు? జూబ్లీహిల్స్‌లో ఉండే పెద్దమనుషులు. పాతబస్తీ చార్‌కమాన్ గల్లీలో ఫైర్ ఇంజన్ తిరగకపోతే వాళ్లకేం పోయింది?

కోటగుమ్మం

విజయనగరం నుంచి రాస్తున్నా. మా కోటలో మోతీమహల్ పాడుబడిందని కూల్చేశారు. వార్తల్లో ఫొటో చూసి ఊళ్లో జనం తెలుసుకున్నారు. కమిటీ లంచం తీసుకుంటుందేమో, నిజమే కావచ్చు. కమిటీ లేనిచోట మాత్రం మాకు అడగడానికి కూడా ఎవరూ లేకపోయారు.

సున్నంపని

ఈశాన్యం గారూ, కమిటీ సమావేశం తలుపు తీసి జరపండి, ఎవరు ఏమన్నారో రాసి నెట్‌లో పెట్టండి, ఆ గల్లీలో ఉండేవాళ్లు ఇద్దర్ని కూర్చోబెట్టండి. చేతి తడుపు మూసిన గదిలోనే నడుస్తుంది.

అసలు మోసం ఇంకోచోట ఉంది, దాని గురించి ఎవరూ అనట్లేదు. వానాకాలం ముందు మున్సిపాలిటీ ప్రమాదకర భవనాలకు నోటీసులు ఇస్తుంది. అది అవసరం, గోడ కూలి మనుషులు పోకూడదు. కానీ కొందరు ఏం చేస్తారంటే, ఎండాకాలంలో నాలుగు పెంకులు తీసేస్తారు, ఒక వాన గొట్టం విరగ్గొడతారు. రెండు వానలకు దూలం కుళ్లుతుంది. మూడో వానకు మున్సిపాలిటీ వాళ్లే వచ్చి "ఖాళీ చేయండి, కూల్చండి" అని కాగితం ఇస్తారు. కమిటీకి ఫైలే వెళ్లదు. లిస్టులో ఉన్న భవనానికి ఆ నోటీసు వస్తే ముందు గోడకు ఊతం పెట్టి, మనుషుల్ని బయటికి పంపి, అప్పుడు కమిటీని పిలవాలి. ఊతకర్రలు పెట్టడం ఒక్కరోజు పని.

ఈశాన్యం

తలుపు తీసి జరిపితే నాకు అభ్యంతరం తగ్గుతుంది. కానీ గడువు ఎంత? ఏళ్ల తరబడి ఫైలు పట్టుకుని కూర్చుంటే? 60 రోజుల్లో చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే అని రాయండి.

మూసీతీరం

దానికి నేను ఒప్పుకోను. అలా రాస్తే ఆఫీసరు చేయాల్సిందల్లా 60 రోజులు మాట్లాడకుండా ఉండటమే. సంతకం లేకుండా భవనం పోతుంది, బాధ్యుడు ఎవరూ ఉండరు.

సున్నంపని

రెంటినీ విడదీయండి. మరమ్మతుకు అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే. కూల్చివేతకు మాత్రం రాతపూర్వకంగా అవునో కాదో రావాల్సిందే, గడువు దాటితే ఆలస్యం చేసిన అధికారి కారణం రాయాలి.

దేవిడీవారసుడు

మరమ్మతు విషయంలో ఇది నాకు పనికొస్తుంది, ఇలా ఉంటే రేపే అర్జీ పెడతా. కూల్చివేత విషయంలో ఇంకా ఒప్పుకోను. "కాదు" అని రాసే కమిటీ ఆ కాగితం మీదే మరమ్మతు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కూడా రాయాలి. రాయలేకపోతే "కాదు" అనే అధికారం వాళ్లకు ఉండకూడదు. సున్నంపని అన్నా, పిట్టగోడలో రావిమొక్క మా ఇంటికీ ఉంది, బొటనవేలంత లావు. పీకేయొచ్చా, గోడ కదులుతుందా?

సున్నంపని

పీకొద్దు, వేరుతో పాటు రాయి వస్తుంది. కాండం కిందికి కోసి, కోసినచోట మొక్కను చంపే మందు పూయించి, వేరు ఎండాక సున్నంతో ఆ సందు మూయించండి. వానలు పడకముందే చేయండి.