ఆరో తరగతికే హాస్టలా, ఊరి హైస్కూలు చాలదా?

తుంగతుర్తి అమ్మ

అందరికీ నమస్తే. మా పాప ఊళ్లోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి చదువుతోంది. ఐదు తరగతులకి ఇద్దరే టీచర్లు, అయినా బాగానే చదువుతుంది. జూన్‌లో ఆరుకి వెళ్లాలి. మా ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. మా ఆయన హైదరాబాద్‌లో ఐఐటీ ఫౌండేషన్, అంటే ఐఐటీ ప్రవేశ పరీక్షకి ఇప్పటినుంచే పునాది, చెప్తామనే ఒక రెసిడెన్షియల్ స్కూల్లో వేద్దామంటారు. ఏడాదికి లక్షా పాతిక వేలు, పుస్తకాలు, బట్టలు వేరే. నాకేమో నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలే నయమనిపిస్తోంది. కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి నవోదయకి ప్రవేశ పరీక్ష రాసింది, ఫలితం ఇంకా రాలేదు. వస్తే పంపుతాను. రాకపోతే ఏం చేయాలి? ఎక్కడ వేసినా పిల్లను ఎలా సిద్ధం చేయాలో కూడా చెప్పండి. దయచేసి ఒకరినొకరు తిట్టుకోకండి.

లెక్కల సారు, ఖమ్మం

అమ్మా, నేను జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను కాబట్టి నా మాట ఎటు మొగ్గుతుందో మీకు తెలిసిందే. అయినా చెప్తాను. ఆరో తరగతిలో పిల్లకి కష్టమయ్యేది ఐఐటీ కాదు, పీరియడ్లు. ఇన్నాళ్లూ ఒకే టీచరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నీ చెప్పారు. ఎవరు అన్నం తినలేదో, ఎవరికి జ్వరమో ఆవిడకి తెలుసు. హైస్కూల్లో గంట కొట్టగానే ఒక సారు వెళ్తారు, ఇంకో మేడం వస్తారు. ఒకాయన హోంవర్కు నల్లబల్ల మీద రాస్తారు, ఇంకొకరు నోటితో చెప్పి వెళ్లిపోతారు. జూన్, జూలై నెలల్లో ఆరో తరగతి గదిలో నాకు ఎక్కువగా వినపడేది "సార్, ఏ నోట్‌బుక్ తియ్యాలి?" అన్న మాటే.

రెండోది హిందీ. సర్కారు బడుల్లో అది ఆరులోనే మొదలు. అక్షరాల దగ్గర్నుంచి చెప్తాం కాబట్టి మా దగ్గర భయం లేదు. అదే ప్రైవేటుకి మారిస్తే అక్కడి పిల్లలు ఒకటి నుంచీ హిందీ చదువుతూ ఉంటారు, మీ పాప ఒక్కతే వెనకబడి కూర్చుంటుంది. ఫౌండేషన్ బ్రోచర్లో ఈ ముక్క ఉండదు.

మూడోది లెక్కలు. ఆరుకి వచ్చిన పిల్లలకి నేను మొదటి వారంలో ఒక లెక్క ఇస్తాను: 408ని 4తో భాగించమని. క్లాసులో చాలామంది 12 అని రాస్తారు. మధ్యలో సున్నా మింగేస్తారు. స్థానవిలువ అర్థం కాలేదని దానర్థం. దాని మీదే దశాంశాలు, భిన్నాలు, తర్వాత బీజగణితం నిలబడాలి. వేసవిలో రోజూ పావుగంట ఇలాంటి భాగహారాలు, ఎక్కాలు, 3/4 పెద్దదా 5/8 పెద్దదా లాంటివి చేయించండి. ముందు రొట్టె ముక్కలతో, తర్వాత కాగితం మీద. కొత్త పుస్తకం ఏదీ కొనక్కర్లేదు.

మియాపూర్ నాన్న

సార్ చెప్పినవి బాగున్నాయి, కానీ సగమే చెప్పారు. మా బాబుని ఆరులోనే ఫౌండేషన్‌లో వేశాను. ఇప్పుడు తొమ్మిది. లెక్క చూసి భయపడడు. పరీక్ష హాల్లో టైమ్ చూసుకుని ఏ ప్రశ్న వదిలేయాలో తెలుసు. అది ఇంటర్లో ఒక్కసారిగా రాదు. ఊళ్లో హైస్కూలు అంటే అందరికీ మనసు కరుగుతుంది. కానీ ఒక సబ్జెక్టు టీచరు రిటైరైతే ఆ పోస్టు ఎప్పుడు నింపుతారో ఎవరికీ తెలియదు. ఆ మధ్యలో పోయేది పిల్లల కాలమే.

ఇంకో మాట, తప్పుగా అనుకోవద్దమ్మా. నవోదయ వస్తే పంపుతానంటున్నారు. నవోదయ కూడా హాస్టలే కదా? అక్కడికి లేని భయం ప్రైవేటుకి ఎందుకు? ఉచితం కాబట్టా?

తుంగతుర్తి అమ్మ

ఉచితం కాబట్టి కూడా. లక్షా పాతిక మాకు చిన్న మొత్తం కాదు, ఐదేళ్లకి లెక్క వేసుకోండి. కానీ మీరడిగింది న్యాయమే, నేనూ దాని మీదే తన్నుకులాడుతున్నాను.

గురుకులం బ్యాచ్

మియాపూర్ గారు మంచి ప్రశ్న వేశారు, నేను జవాబిస్తా. నేను గురుకులంలో చదివినవాణ్ని. పి.వి. నరసింహారావు గారి చొరవతో 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులం సంగతి నల్గొండ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. పల్లె పిల్లలకి హాస్టల్ చెడ్డదేమీ కాదు. కానీ హాస్టల్ అన్నవన్నీ ఒకటి కావు. మా దగ్గర సాయంత్రం తప్పనిసరిగా గ్రౌండ్‌కి వెళ్లాలి. రూములో కూర్చుంటే పీఈటీ సార్ వచ్చి లేపేవారు. ఫౌండేషన్ హాస్టళ్లు కొన్నిటిలో ఆ గంట కూడా స్టడీ అవరే. చేరే ముందు అడగాల్సింది ర్యాంకులు కాదు. ఆట ఎన్ని గంటలు, నిద్ర ఎన్ని గంటలు, ఇంటికి ఫోన్ ఎన్నాళ్లకోసారి, రాత్రి జ్వరమొస్తే పక్కన ఎవరుంటారు, ఇవి అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే అక్కడే మీకు తెలిసిపోతుంది.

నవోదయ గురించి ఒకటి గుర్తుంచుకోండి. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లే. అందులో కనీసం 75 శాతం పల్లె పిల్లలకి. పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అంటే బాగా చదివే పిల్లకి కూడా రాకపోవడం మామూలే. రాలేదని ఇంట్లో ఎవరూ నిట్టూర్చకండి. పదేళ్ల పిల్ల దాన్ని మనసులో పెట్టుకుంటుంది. ఇంకోటి, తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకి పంపుతారు. పంపేవాళ్లు ఇప్పుడే తెలుసుకుంటే మంచిది.

మన గురుకులాలు మాత్రం చాలావాటిలో ఐదో తరగతిలోనే చేర్చుకుంటాయి, కాబట్టి ఆరుకి మిగిలిపోయిన ఖాళీలే దొరుకుతాయి. సర్కారు మోడల్ స్కూళ్లు, కేజీబీవీలు (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు) మాత్రం ఆరు నుంచే మొదలు. కేజీబీవీ ఆడపిల్లలకే, అదీ ఉచితమే. మీ మండలంలో ఏముందో ఒకసారి కనుక్కోండి.

చీరాల మాట

మా ఆంధ్రాలోనూ ఇదే కథ. 2022లో మూడు నుంచి ఐదు తరగతుల్ని కొన్నిచోట్ల హైస్కూళ్లలో కలిపారు. ఎనిమిదేళ్ల పిల్లలు రోడ్డు దాటి పెద్ద బడికి నడవాల్సి వచ్చిందని మా పేటలో తల్లులు ధర్నా చేశారు. సబ్జెక్టు టీచర్లు దొరికారని ఇంకొందరు సంతోషించారు. ఇద్దరిదీ నిజమే. కాబట్టి బడి మంచిదా కాదా కంటే, బడికి ఎలా వెళ్తుంది అన్నది ముందు తేల్చుకోండి. నాలుగు కిలోమీటర్లంటే నడక కాదు. షేర్ ఆటోలో పదిమందిని కుక్కితే నేనైతే పంపను.

తుంగతుర్తి అమ్మ

పల్లెవెలుగు బస్సు ఉంది, ఆడవాళ్లకి ఉచితమే కాబట్టి ఖర్చు లేదు. కానీ పొద్దున బస్సు బడి టైముకి సరిగ్గా ఉంది, సాయంత్రం బస్సుకి గంట తేడా. ఆ గంట ఎక్కడ కూర్చోవాలి అన్నదే.

మియాపూర్ నాన్న

చూశారా. ఒక గంట బస్టాపు, రెండు గంటలు ఇంట్లో టీవీ. హాస్టల్లో ఆ సమయమంతా చదువుకి పోతుంది. పోటీ ఎంత ఉందో మీకు తెలియదని కాదు.

లెక్కల సారు, ఖమ్మం

పోటీ పేరు చెప్పి పదకొండేళ్ల పిల్లని భయపెట్టకండి సార్. ఐఐటీకి రాసే జేఈఈలో అడిగేది ఇంటర్ రెండేళ్ల సిలబస్. ఆరులో పిల్లకి కావాల్సింది 408ని 4తో భాగిస్తే 102 ఎందుకొచ్చిందో తెలియడం. 16 ఏళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖే మార్గదర్శకాలిచ్చింది. స్కూలు బోర్డు పెట్టుకుని అదే కోచింగ్ చెప్తే ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

డబ్బు మాట కూడా చెప్తాను, ఊరి బడిని చాలామంది తక్కువ చేసేది ఇక్కడే. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఇది సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ప్రైవేటు వాళ్లకి లేదు, నవోదయ వాళ్లకీ లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఇక పదో తరగతి తర్వాత బాసర ట్రిపుల్ ఐటీ. హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివిన పిల్లలకి అక్కడ అదనపు వెయిటేజీ, పదో తరగతి గ్రేడ్ల సగటు (జీపీఏ) లెక్కలో 0.4 కలిపేవారు. ఆ చిన్న అంకెతో సీటు వచ్చిన పిల్లలు మా బడిలో ఉన్నారు. లక్షా పాతిక కట్టి ఈ రెండూ వదులుకుంటున్నారన్నమాట.

మియాపూర్ నాన్న

సరే సార్, మీ పిల్లలు ఎక్కడ చదివారు? సూటిగా అడుగుతున్నా.

లెక్కల సారు, ఖమ్మం

పెద్దవాడు ప్రైవేటులో. చిన్నది నా బడిలోనే, నా క్లాసులోనే. పెద్దవాడప్పుడు నాకు ఏజెన్సీలో పోస్టింగ్, ఇల్లు టౌన్లో. ఎవరి అవసరం వాళ్లది, అందుకే అమ్మగారి బస్సు టైము మీ ఫౌండేషన్ కంటే ముఖ్యం అంటున్నాను.

నిర్వాహకుడు

రెండు వ్యాఖ్యల్లో ఒక స్కూలు పేరు పెట్టి ఆరోపణలు చేశారు, తీసేశాం. పేర్లు లేకుండా మాట్లాడండి.

స్టాఫ్ నర్సు, నల్గొండ

మగవాళ్లంతా ర్యాంకుల దగ్గరే ఆగిపోయారు. అమ్మా, ఆడపిల్ల ఆరు, ఏడు తరగతుల్లో ఉండగానే నెలసరి మొదలవ్వొచ్చు. జూన్‌కి ముందే మీరే కూర్చోబెట్టి చెప్పండి. బడిలో మొదటిసారి జరిగితే దెబ్బ తగిలిందనుకుని ఏడ్చే పిల్లల్ని చూశాను. బ్యాగు లోపలి జిప్పులో ఒక ప్యాడు, ఒక లోదుస్తు, పాత పేపరు పెట్టండి. ఎలా వాడాలో ఇంట్లోనే ఒకసారి చూపించండి. ఏ మేడంకి చెప్పాలో పేరు తెలిసి ఉండాలి. బడి చూడ్డానికి వెళ్లినప్పుడు బాత్రూమ్ తలుపుకి గడియ ఉందా, మధ్యాహ్నం భోజనాల తర్వాత కుళాయిలో నీళ్లొస్తున్నాయా చూడండి. పొద్దున వెళ్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. హాస్టల్ అయినా ఇదే మాట. బాత్రూముకి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగని పిల్లలు మూత్రంలో మంటతో మా దగ్గరికి వస్తారు.

ఇంకా కుదిరితే ఒకసారి ముందే బస్సులో తీసుకెళ్లండి. గేటు, ఆరో తరగతి గది, నీళ్ల ట్యాంకు, దిగాల్సిన స్టాపు చూపించండి. అక్కడే ఏడో తరగతి చదువుతున్న మీ ఊరి పిల్ల ఎవరైనా ఉంటే పరిచయం చేయించండి. సాయంత్రం గంట కూడా ఆ పిల్లలంతా కలిసి బడి వరండాలోనే ఉండొచ్చేమో హెచ్‌ఎం గారిని అడగండి, బస్టాపులో వద్దు.

గురుకులం బ్యాచ్

నర్సు గారికి దండం. కాగితాల సంగతి నేను కలుపుతా. ప్రాథమిక బడిలో టీసీ (బదిలీ పత్రం) ఇవ్వరు, దాని బదులు రికార్డు షీటు ఇస్తారు. అది చేతికి రాగానే ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో, జనన ధ్రువపత్రంతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. హైస్కూలు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఎక్కిందే పదో తరగతి మెమో మీద వస్తుంది. ఆ తర్వాత మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఒకటి నుంచి చదివిన ప్రతి తరగతికీ బోనఫైడ్ (ఆ బడిలో చదివినట్టు ధ్రువపత్రం) కూడా తీసుకుని ఫైల్లో పెట్టండి. తెలంగాణలో ఉద్యోగాలకి స్థానికత తేల్చేది ఒకటి నుంచి ఏడు తరగతులు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టే. ఐదేళ్లు మీ జిల్లాలోనే అయిపోయాయి కాబట్టి హైదరాబాద్ పంపినా స్థానికత పోదు, కాగితం మాత్రం ఉండాలి.

చీరాల మాట

పిల్లని ఎవరైనా అడిగారా, ఎక్కడికి వెళ్తావని?

తుంగతుర్తి అమ్మ

అడిగాను. "నవ్య ఎక్కడికెళ్తే అక్కడికి" అంది. నవ్య వాళ్ల నాన్న జెడ్పీలోనే వేస్తున్నాడు. మా ఆయన నవ్వి, "చదువు స్నేహితుల్ని బట్టి తేలుస్తామా" అన్నారు. నాకైతే అది చిన్న కారణం అనిపించలేదు.

ఈ రోజు ఇద్దరం వెళ్లి జెడ్పీ బడి చూసొచ్చాం, మధ్యాహ్నమే వెళ్లాం. నీళ్లొస్తున్నాయి. ఒక బాత్రూముకి గడియ లేదు, హెచ్‌ఎం సారు పెట్టిస్తామన్నారు. సాయంత్రం వరండాలో కూర్చోవడానికి ఒప్పుకున్నారు, వాచ్‌మన్ చీకటిపడే దాకా ఉంటాడట. మా ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నవోదయ ఫలితం వచ్చాక చూద్దాం అంటున్నారు. ఈలోగా హిందీకి ట్యూషన్ పెట్టించమంటారా?

లెక్కల సారు, ఖమ్మం

జెడ్పీ అయితే వద్దు. అక్షరాలు మేమే దిద్దిస్తాం. వేసవిలో ట్యూషన్ పెట్టి హిందీ అంటేనే విసుగు తెప్పించకండి. ప్రైవేటు అయితే మాత్రం తప్పదు.

మియాపూర్ నాన్న

అమ్మా, అన్నీ చూశారు సరే. టీచర్ పోస్టులు ఎన్ని ఖాళీ అని అడిగారా?

తుంగతుర్తి అమ్మ

అడిగాను సార్, మీరు రాసింది గుర్తుపెట్టుకునే అడిగాను. ఆ బడిలో లెక్కలకి సారు ఉన్నారు, ఇంగ్లీషు మేడం ఉన్నారు. ఫిజికల్ సైన్స్ పోస్టు ఖాళీ. బదిలీల్లో వస్తారంటున్నారు.

లెక్కల సారు, ఖమ్మం

ఆరు, ఏడు తరగతులకి సైన్స్ ఒకటే పుస్తకం, బయాలజీ వాళ్లు నెట్టుకొస్తారు. ఎనిమిదిలో రెండుగా విడిపోతుంది, అప్పటికీ పోస్టు నిండకపోతే ఇబ్బందే. ఆ సంగతిలో మియాపూర్ గారి మాటకి నా దగ్గర జవాబు లేదు. మీరు, నవ్య వాళ్ల నాన్న, ఇంకో పదిమంది తల్లిదండ్రులు కలిసి సంతకాలు పెట్టి డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో ఒక అర్జీ ఇవ్వండి. నకలు మీద స్టాంపు వేయించుకోండి.

మియాపూర్ నాన్న

నేనైతే రెండేళ్లు ఆ అర్జీ వెనక తిరగలేను. కానీ ఇస్తే ఏమైందో ఇక్కడ రాయండి అమ్మా.