ఆటోనగర్‌లో సిలిండర్ బోరింగ్ చేయిస్తే అది నా ఇంజన్ అవుతుందా?

పటమట కొత్తవాడు:
చిన్న బెంచి లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద మొదటి నమూనా ఇంజన్ చేస్తున్నాను. సిలిండరే అటూ ఇటూ ఊగుతూ గాలిని లోపలికీ బయటికీ మార్చుకునే రకం. విడిగా వాల్వు ఉండదు. ఫ్లైవీలు, క్రాంకు, స్టాండు అయ్యాయి. 12 మిల్లీమీటర్ల బోరు, అంటే లోపలి గుండ్రని రంధ్రం, ఉన్న ఇత్తడి సిలిండర్ మిగిలింది. మిత్రుల్లో సగం మంది "ఆటోనగర్ పక్కనే ఉండగా ఈ తంటాలెందుకు, పెద్ద లేత్ మీద చేయించుకో" అంటున్నారు. మిగతావాళ్లేమో "అలాగైతే అది నీ ఇంజన్ ఎలా అవుతుంది" అంటున్నారు. మీరేమంటారు?

గుంటూరు మాస్టారు:
నిస్సంకోచంగా ఇచ్చేయండి. జేమ్స్ వాట్ అంతటివాడికే గుండ్రని సిలిండర్ దొరక్క ఏళ్ల తరబడి ఆవిరి కారిపోయింది. ఫిరంగులు తొలిచే పద్ధతికి 1774లో పేటెంటు తీసుకున్న జాన్ విల్కిన్సన్, మరుసటి ఏడాది సిలిండర్లకు బోరింగ్ యంత్రం కట్టాకే ఆ ఇంజన్ కుదుటపడింది. అయినా లోకం దాన్ని వాట్ ఇంజన్ అనే అంటోంది కదా!

ఆటోనగర్ టర్నర్:
మాస్టారూ, వాట్ సిలిండర్లు అడుగు దాటినవి. ఇది చిటికెన వేలంత. పనివాడిగా చెబుతున్నాను, మా దగ్గరకు తేవద్దు. బ్రేకు డ్రమ్ములు పట్టే చక్కులో (లేత్ మీద ముక్కను దవడలతో పట్టి ఉంచే భాగం) దీన్ని బిగిస్తే ఆ దవడల గుర్తులు పడతాయి.

అసలు మెలిక అది కాదు. ఈ రకం ఇంజన్‌లో బోరూ, గాలి రంధ్రమున్న చదును ముఖమూ సమాంతరంగా ఉండాలి. కాస్త తేడా పడినా సిలిండర్ ఊగేటప్పుడు ముఖం స్టాండు మీద నుంచి లేస్తుంది, గాలి అక్కడే బుస్సుమంటుంది. బోరు నేనూ, ముఖం మీరూ చేస్తే ఆ తేడా ఎవరి ఖాతాలో వేయాలి?

ముందు 11 మిల్లీమీటర్ల డ్రిల్లు దించండి. ఇత్తడిని డ్రిల్లు లాగేసుకుంటుంది కాబట్టి దాని అంచును సానరాయితో కొద్దిగా చదును చేయండి. తర్వాత బోరింగ్ టూలుతో (రంధ్రాన్ని లోపలి నుంచి చెక్కి పెద్దది చేసే పనిముట్టు) 11.8 వరకు తెచ్చి, 12 రీమర్‌ను (రంధ్రాన్ని సరైన కొలతకు నునుపుగా తెచ్చే పనిముట్టు) తక్కువ వేగంతో పంపండి. రీమర్ ఉన్న రంధ్రం వెంటే పోతుంది తప్ప వంకర తీయదు, అందుకే మధ్యలో ఆ బోరింగ్. రీమర్‌ను ఎప్పుడూ వెనక్కి తిప్పవద్దు.

బందరు రోడ్డు:
ఒక్క సిలిండర్ కోసం రీమర్ కొనడం దండగ. చివర్లో టూలును లోతు పెంచకుండా అదే కొలత మీద రెండుసార్లు పంపితే టేపరు (ఒక కొస వెడల్పు, ఒక కొస ఇరుకు కావడం) దాదాపు పోతుంది. వాల్వు గ్రైండింగ్ పేస్టుతో నునుపు చేస్తే సరి.

ఆటోనగర్ టర్నర్:
మొదటి మాట నిజమే. రెండోది మాత్రం వద్దు! ఆ పేస్టులోని గరుకు ఇత్తడిలో దిగబడి, తర్వాత పిస్టన్‌ను అరగదీస్తూనే ఉంటుంది.

రీమర్ లేకపోయినా పని ఆగదు. బోరు 11.95కు వచ్చినా, 12.05కు వచ్చినా ఒకటే. దానికి తగినట్టు పిస్టన్‌ను లేత్ మీద చెక్కుకోవాలి. పిస్టన్ ఉక్కుతో చేయండి, రెండు సన్నని గాళ్లు పెడితే నూనె నిలుస్తుంది. సిలిండర్ ఒక కొసను, గాలి రంధ్రాన్ని వేళ్లతో మూసి పిస్టన్‌ను కొంచెం బయటికి లాగి వదలండి. దానంతట అదే లోపలికి పోతే ఆ జత చాలు.

గుంటూరు మాస్టారు:
ఈ ఇంజన్ వరకు ఒప్పుకుంటాను. రేపు ఈయన నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజన్ మొదలుపెడితే? సిలిండర్ లోపల వేసే బీడు గొట్టానికి, అంటే లైనరుకు, హోనింగ్ (సానరాళ్లతో లోపల సన్నగా అరగదీయడం) ఇంట్లోనే చేయమంటారా?

ఆటోనగర్ టర్నర్:
అప్పుడు తీసుకురండి. కానీ పిస్టన్, డ్రాయింగు కూడా తేవాలి. వట్టి లైనరు చేతిలో పెట్టి "మీరే చూసి చేయండి" అంటే నేను ముట్టుకోను.

పటమట కొత్తవాడు:
సరే, రీమర్ కొంటాను. ముఖం ముందా, బోరు ముందా?

ఆటోనగర్ టర్నర్:
బోరు ముందు. అందులోకి బిగుతుగా ఒక కడ్డీ దించి, దాన్నే ఆధారంగా పెట్టుకుని ముఖం తీయండి. తర్వాత గాజు పలక మీద సన్న ఎమరీ కాగితం పరిచి, గీతలన్నీ ఒకే తీరుగా కనిపించేదాకా రుద్దండి.