1943 నాటి 'బ్యాట్‌మన్' సీరియల్: ఇంట్లో చూసే వీడియో ప్రతుల్లో జపనీయులను కించపరిచే వ్యాఖ్యానాన్ని ఉంచాలా, తీసివేయాలా?

పాతరీలు:

కొలంబియా సంస్థ 1943 జూలైలో విడుదల చేసిన 'బ్యాట్‌మన్', ఆ ముసుగు వీరుడు వెండితెరపై కనిపించిన మొట్టమొదటి చిత్రం. లాంబర్ట్ హిల్యర్ దర్శకత్వంలో 15 భాగాలుగా, వారానికొక భాగం చొప్పున థియేటర్లలో వేయడానికి దానిని తీశారు. మన వారపత్రికల్లో 'సశేషం' అన్న మాట చేసే పనిని అక్కడ కూలిపోతున్న కట్టడమో, లోయలో పడుతున్న వాహనమో చేసేది. ఈనాడు అందరికీ తెలిసిన బ్యాట్‌మన్ రహస్య స్థావరం, గబ్బిలాల గుహ, మొదట ఈ సీరియల్‌లోనే కనిపించి, ఆ తరువాతనే బొమ్మల కథల్లోకి వెళ్ళింది. ఈ కారణాల వల్ల, నటన మోటుగా ఉన్నా, ఖర్చు తక్కువైన తీరు ప్రతి దృశ్యంలోనూ తెలిసిపోతున్నా, ముసుగు వీరుల చిత్రాలను ఇష్టపడేవారు దీనిని తప్పక చూడాలని నేను నమ్ముతాను.

అయితే ఇది యుద్ధకాలపు చిత్రం. ప్రతినాయకుడు డాక్టర్ డాకా జపాన్ గూఢచారి. అతని రహస్య స్థావరం 'లిటిల్ టోక్యో' అనే వీధిలో ఉంటుంది. మొదటి భాగంలోనే వ్యాఖ్యాత ఆ వీధిని చూపిస్తూ, వివేకం గల ప్రభుత్వం అక్కడి 'దొంగచూపుల' జపనీయులను పట్టుకుపోయింది కనుక అది ఇప్పుడు నిర్మానుష్యంగా ఉందని సంతోషంగా చెబుతాడు. 1990లో ఈ సీరియల్ వీ.హెచ్.ఎస్. క్యాసెట్లుగా వచ్చినప్పుడు ఇటువంటి మాటలను తీసివేసి, కొన్నిచోట్ల కొత్త మాటలు చెప్పించారు. 2005లో వచ్చిన డీవీడీలో పాత వ్యాఖ్యానం తిరిగి యథాతథంగా వినిపించింది. ఈ రెండింటిలో ఏది సరైన పని? 2005 నాటిదే సరైనదని నా అభిప్రాయం. భిన్నాభిప్రాయం ఉన్నవారు కారణాలతో సహా వ్రాయవలసిందిగా కోరుతున్నాను.

సువర్ణముఖి:

పాతరీలు గారూ, నాది భిన్నాభిప్రాయమే. నేను కాలిఫోర్నియాలో ఉంటున్నాను. మా పిల్లల తరగతిలో జపాన్ మూలాలున్న పిల్లలు ఉన్నారు. బ్యాట్‌మన్ బొమ్మ ఉన్న అట్టను చూసి దుకాణంలో చేయి చాచేది సినిమా చరిత్రకారుడు కాదు, ఎనిమిదేళ్ళ పిల్లవాడు. 1989లో బ్యాట్‌మన్ కొత్త చిత్రం వచ్చి పిల్లలందరి నోటా ఆ పేరే వినిపిస్తున్న రోజుల్లో, ఆ మరుసటి ఏడాదే ఈ క్యాసెట్లు విడుదలయ్యాయి. వాటిని ఎవరు చూస్తారో అమ్మేవారికి బాగా తెలుసు. 'వివేకం గల ప్రభుత్వం' అన్న మాట విన్న పిల్లవాడు, తన ఇష్టదైవం లాంటి వీరుడి పక్షాన మాట్లాడుతున్న ఆ గొంతు చెప్పినదంతా నిజమనే అనుకుంటాడు.

మూలప్రతిని ముట్టుకోరాదన్న వాదన కూడా ఇక్కడ అంత గట్టిగా నిలవదు. బొమ్మల కథలోని బ్యాట్‌మన్ ఎవరి ఆజ్ఞా లేకుండా తనంతట తానే నేరస్థులను వెంటాడేవాడు. ఒక పౌరుడు చట్టాన్ని తన చేతిలోకి తీసుకున్నట్లు చూపడానికి నాటి సినిమా సెన్సారు నియమాలు ఒప్పుకోవు కనుక, సీరియల్‌లో అతనిని ప్రభుత్వ రహస్య ప్రతినిధిగా మార్చారు. అంటే ఆ కాలపు అవసరానికి తగినట్లు కథను మార్చి తీసిన వ్యాపార చిత్రమే ఇది. 1943లో ఒక అవసరానికి మార్చినదానిని 1990లో మరొక అవసరానికి, అదీ మరింత మంచి అవసరానికి, మార్చడం మహాపరాధం ఎలా అవుతుంది?

తూర్పుగాలి:

సువర్ణముఖి గారు సెన్సారు విషయం ప్రస్తావించడం మంచిదే అయింది, ఎందుకంటే నా అభ్యంతరం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఇందులో వీరుడే ప్రభుత్వ ప్రతినిధి. కాబట్టి ప్రభుత్వం చేసిన పనిని వ్యాఖ్యాత మెచ్చుకోవడం ఎక్కడో నోరుజారి వచ్చిన మాట కాదు, కథకు ఆధారమే అది. ఆ ఒక్క వాక్యాన్ని తీసివేస్తే మిగిలేది మంచి చిత్రం కాదు, తన ఉద్దేశాన్ని దాచుకున్న చిత్రం. పైగా డాకా పాత్ర వేసిన జె. కారల్ నేష్ ఐరిష్ మూలాలున్న అమెరికన్ నటుడు. కళ్ళకూ ముఖానికీ రంగు వేసి అతనిని జపనీయుడిగా చూపించారు. కొత్త గొంతుతో మాటలు మార్చవచ్చు గానీ ఆ ముఖాన్ని ఎవరు మార్చగలరు? 15 భాగాల పొడవునా, నాలుగు గంటలకు పైగా, అది తెరపై ఉంటూనే ఉంటుంది. మాట మార్చిన ప్రతిని చూసిన పిల్లవాడికి ఆ ముఖం ఎందుకలా ఉందో అడగడానికి ఆధారం కూడా మిగలదు.

ఇంకొక విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1942 ఫిబ్రవరి 19న సంతకం చేసిన ఆజ్ఞతో దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్ళ నుండి తరలించి ముళ్ళకంచెల శిబిరాల్లో నిర్బంధించారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులు. ఈ సీరియల్ ఆడుతున్న 1943లోనే, అదే సంతతి యువకులతో ఏర్పడిన 442వ సైనిక దళం అమెరికా తరఫున యుద్ధానికి శిక్షణ పొందుతూ ఉంది. వారిలో కొందరి తల్లిదండ్రులు అప్పటికి ఆ శిబిరాల్లోనే ఉన్నారు. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ పనికి జాతి వివక్ష, యుద్ధోన్మాదం, రాజకీయ నాయకత్వ వైఫల్యం కారణాలని చట్టంలోనే వ్రాసి, క్షమాపణ చెప్పి, బ్రతికి ఉన్న ప్రతి బాధితునికీ 20,000 డాలర్లు పరిహారంగా ప్రకటించింది. దేశం తన తప్పును ఒప్పుకున్న రెండేళ్ళకు, ఆ తప్పును సినిమా ఎంత ఉత్సాహంగా మెచ్చుకున్నదో తెలిపే సాక్ష్యాన్ని క్యాసెట్ నుండి తొలగించారు. ఆ తొలగింపు వెనుక దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. బాధితుల మాట నిజమని నిరూపించే ఆధారాల్లో ఒకటి మాత్రం దానివల్ల ప్రేక్షకుల ఇళ్ళకు చేరకుండా పోయింది.

నలుపుతెలుపు:

క్యాసెట్ కాలంలో ఏదో ఒకటే ఎంచుకోవలసి వచ్చింది. డీవీడీలో రెండు శబ్దపథాలు (సౌండ్‌ట్రాకులు) పెట్టవచ్చు కదా. 1957 నాటి మన 'మాయాబజార్'కు 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు నలుపు తెలుపు ప్రతిని ఎవరూ మాయం చేయలేదు. ఏది కావలసినవారు అది చూస్తున్నారు. అలాగే వార్నర్ సంస్థ తన పాత కార్టూన్ల డిస్కుల్లో, వీటిలోని జాతి వివక్ష ఆనాడూ తప్పే, ఈనాడూ తప్పే అని ముందుగా చెప్పి, చిత్రాలను మాత్రం కోత లేకుండా ఉంచింది. అటువంటి హెచ్చరిక పలక ఒకటి ఇక్కడ తెరపై వేస్తే వివాదం చాలా వరకు తీరుతుందని నాకు తోస్తోంది.

సువర్ణముఖి:

నలుపుతెలుపు గారి సూచన బాగుంది గానీ, సీరియల్‌ను సాధారణ చిత్రం వలె భావించి చేసిన సూచన అది. ఈ 15 భాగాలను ఎవరూ ఒకే బిగిన చూడరు. పిల్లవాడు ఈరోజు మూడవ భాగం, మరో వారం ఏడవ భాగం చూస్తాడు. ఆటంబాంబును తలపించే రేడియం తుపాకీ ఏ భాగంలో ఉందో, స్థావరం అడుగున మొసళ్ళ గుంట ఎక్కడ కనిపిస్తుందో వెతుక్కుని ఆ భాగాన్నే నాలుగుసార్లు పెట్టుకుంటాడు. డిస్కు మొదట్లో వేసిన పలకను అతను చూడనే చూడడు. ప్రతి భాగానికీ ముందుకథ విడిగా చెప్పే ఈ ప్రక్రియలో, హెచ్చరిక కూడా ప్రతి భాగానికీ విడిగా ఉండాలి. ఇక రెండు శబ్దపథాలలో ఏది తనంతట తాను వినిపించాలి అన్న ప్రశ్న మిగిలే ఉంది. మార్చిన మాటలే మొదట వినిపించాలని, పాత వ్యాఖ్యానం కోరుకున్నవారు దానిని ఎంచుకోవాలని నేను అంటాను.

పాతరీలు:

ప్రతి భాగానికీ హెచ్చరిక ఉండాలన్న మాటను మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాను. సీరియల్ స్వభావాన్ని బట్టి చూస్తే అదే న్యాయం. కానీ తనంతట తాను వినిపించేది పాత వ్యాఖ్యానమే కావాలి. ఎంపికల పట్టికలో అడుగున ఉన్నదానిని వెతికి వినేవారు విషయం ముందే తెలిసినవారు మాత్రమే అవుతారు. తెలియవలసినవారికి అది చేరదు. ముఖాన్ని చూసి మనిషిని శత్రువుగా లెక్కకట్టే అలవాటు 1945తో ముగియలేదు. 2017లో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథాలో ఒక తెలుగు ఇంజనీరును ఇరాన్ దేశస్థుడనుకుని కాల్చి చంపారు. అటువంటి చూపు ఎక్కడ తయారవుతుందో, ఎంత సరదాగా, ఎంత వేగంగా తయారవుతుందో ఈ సీరియల్ చూపినంత స్పష్టంగా మరొక వినోద చిత్రం చూపడం నేను ఎరుగను. మన పిల్లలు అమెరికాలో పెరుగుతున్నారు కనుకనే వారు దీనిని, పెద్దలు పక్కన ఉండగా, పూర్తిగా వినాలని కోరుకుంటున్నాను.

ఆ పలకపై 'ఆ కాలపు అభిప్రాయాలు' అన్న మెత్తని మాట చాలదు. 1942 నాటి ఆజ్ఞ, నిర్బంధితుల సంఖ్య, 1988 నాటి క్షమాపణ, ఈ మూడూ అందులో ఉండాలి.

సువర్ణముఖి:

ఆ మూడూ ఉండాలన్నదానితో నేను ఏకీభవిస్తున్నాను. 'పెద్దలు పక్కన ఉండగా' అన్న మీ షరతు మాత్రం కాగితంపైనే నిలుస్తుంది, పాతరీలు గారూ. డిస్కు పెట్టిన తరువాత గదిలో ఎవరున్నారో ఏ సంస్థా చూడలేదు. అందువల్ల యథాతథ ప్రతిని పిల్లల చిత్రాల వరుసలో అమ్మకూడదని, అట్టమీదనే పెద్దల కోసమని స్పష్టంగా ముద్రించాలని నేను ఇంకా పట్టుబడుతున్నాను.